మన వంటిల్లు: ఒకేలా కనిపించే రెండు పెట్టెలు



క్రిస్మసు దగ్గర పడుతున్నకొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో సగం కేకును గురించే ఉంటవి. ఈసారి కేకుతోపాటు ఓవెన్‌ను గురించి కూడా చాలామంది అడిగినారు. కువైట్‌లోనో హైదరాబాదులోనో పనిచేస్తున్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ఇంటికి ఒక ఓవెన్ తెచ్చి, బల్లమీద పెట్టి, నాలుగు రోజులు వాడి చూపించి వెళ్ళిపోతారు. వారు వెళ్ళిన తరువాత ఇంట మిగిలేది పెద్దవారు, చిన్నపిల్లలు. వాడితే ఏమవుతుందోనని భయం, వాడకపోతే డబ్బు దండుగ అయినదన్న బాధ. చివరకు ఆ పెట్టెమీద ఒక కుట్టుపని గుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టి ఊరుకుంటారు. అందుకని ఈ నెల ఓవెన్ సంగతే ఓపికగా మాట్లాడుకుందాము.

మొట్టమొదట మీ ఇంట్లో ఉన్నది ఏ ఓవెన్ అన్నది తెలియవలెను. ఎందుకనగా దుకాణంలో రెండు రకాలు పక్కపక్కనే ఉంటవి, చూచుటకు అక్కచెల్లెళ్ళలాగే ఉంటవి. తలుపు తీసి లోపలికి చూడండి. పైన, క్రింద కడ్డీలు కనబడి, స్విచ్చి వేసిన కాసేపటికి అవి ఎర్రబడితే అది మామూలు విద్యుత్తు ఓవెన్. దానినే ఓటీజీ అంటారు. కడ్డీలు ఏమీ కనబడక, అడుగున గాజుపళ్ళెం గిరగిర తిరుగుతుంటే అది మైక్రోవేవ్ ఓవెన్. ఈ రెండు పనులూ చేసే మూడవ రకం కూడా కలదు. దానిని కన్వెక్షన్ మైక్రోవేవ్ అంటారు. మేము గమనించినంతలో ఇళ్ళలో జరిగే ప్రమాదాలు చాలా వరకు ఒకదానిని మరొకటి అనుకొని వాడుటవలన వచ్చేవే.

ఓటీజీ మనకు కొత్త కాదు. మన అమ్మలు పెద్ద గిన్నెలో ఇసుక పోసి, కాచి, దానిలో కేకు గిన్నె పెట్టి, పైన మూత వేసి కాల్చేవారు. ఓటీజీలో జరిగేది కూడ అదే. కడ్డీలు గాలిని వేడి చేస్తవి, ఆ గాలి గిన్నెను, గిన్నె పిండిని వేడి చేస్తవి. వేడి బయటనుండి లోపలికి నడుస్తుంది. అందుకే కేకు పైభాగం ఎర్రగా కాలుతుంది. ఇందులో అల్యూమినియం, స్టీలు, మట్టి, వేడిని తట్టుకొనే గాజు ఏదైనా పెట్టవచ్చును. ప్లాస్టిక్ మాత్రం ఏ రకమైనా పనికిరాదు.

మైక్రోవేవ్ పద్ధతి వేరు. 1945లో అమెరికాలో రేథియాన్ అనే సంస్థలో పెర్సీ స్పెన్సర్ అనే ఆయన రాడార్ యంత్రాలకు వాడే మాగ్నెట్రాన్ అనే గొట్టం దగ్గర పనిచేస్తుండగా, జేబులోని మిఠాయి కరిగిపోవుట గమనించి దీనిని కనిపెట్టినాడు. 1947లో అమ్మకానికి వచ్చిన మొదటి ఓవెన్ బరువు సుమారు 340 కిలోలు! మనిషి ఎత్తు ఉండేది. ఇప్పుడు మన బల్లమీద ఉన్నదాని లోపల కూడ అటువంటి గొట్టమే ఉన్నది. అది పంపే తరంగాలు ఆహారంలోని నీటిని ముఖ్యంగా కదిలించి వేడి పుట్టిస్తవి. గాలి వేడెక్కదు, మంచి గాజుగిన్నె తనంతట తాను వేడెక్కదు, అన్నంలోని తడి మాత్రం వేడెక్కుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే తక్కిన జాగ్రత్తలన్నీ మీకే తోస్తవి.

లోహాన్ని ఈ తరంగాలు దాటలేవు, అద్దం మీది వెలుగులాగ తిరిగి కొట్టుకొంటవి. అంచులు పదునుగా ఉంటే మెరుపులు వస్తవి. మన వంటింట్లోనేమో స్టీలుగిన్నె లేనిదే పని జరగదు గదా! అన్నం గిన్నె, కూర గిన్నె, గరిటె, టిఫిన్ డబ్బా అన్నీ స్టీలే. బంగారపు అంచు ఉన్న పింగాణీ పళ్ళేలు, చపాతీలు చుట్టే వెండికాగితం కూడ లోహం క్రిందికే వస్తవి. కనుక మైక్రోవేవ్ పక్కనే రెండు గాజుగిన్నెలు, ఒక పింగాణీ పళ్ళెం దానికొరకే ప్రత్యేకించి ఉంచండి. పెద్దవారికి, పిల్లలకు "ఇవి తప్ప మరేవీ లోపల పెట్టవద్దు" అని చెప్పుట సులభం. ఒక గిన్నె పనికివస్తుందో లేదో సందేహమైతే, దానిని ఖాళీగా లోపల పెట్టి, పక్కన ఒక కప్పులో నీళ్ళు పెట్టి ఒక నిమిషం నడపండి. నీరు వేడెక్కి గిన్నె చల్లగా ఉంటే మంచిది. గిన్నె కాలితే వాడరాదు. లోహపు గిన్నెలకు ఈ పరీక్ష చేయకండి, లోపల ఏమీ లేకుండా ఓవెన్‌ను నడపకండి.

ప్లాస్టిక్ సంగతి కొంచెం గట్టిగానే చెప్పవలెను. హోటలు నుండి కూర తెచ్చిన పార్శిల్ డబ్బాలు, ఐస్‌క్రీం డబ్బాలు, పెండ్లిళ్ళలో ఇచ్చే మెలమైన్ పళ్ళేలు మైక్రోవేవ్‌కు తగినవి కావు. నీరు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది గాని కూరలోని నూనె ఇంకా పైకి పోతుంది, ఆ వేడికి పలుచని డబ్బా మెత్తబడి కూరలో కలుస్తుంది. డబ్బామీద మైక్రోవేవ్‌కు తగినదని ముద్ర ఉన్నా, నూనె కూరలకు గాజునే వాడమని మా సలహా.

ఇక చాలామంది అత్తయ్యగార్ల భయం ఒకటున్నది. ఆ పెట్టెలో వేడిచేసిన అన్నం తింటే కాన్సరు వస్తుందని. ఈ తరంగాలు రేడియో తరంగాల జాతికి చెందినవి, ఎక్స్‌రే జాతికి కావు. స్విచ్చి ఆగిన క్షణమే, దీపం ఆర్పితే వెలుగు పోయినట్టు, పోతవి. అన్నంలో మిగలవు. తలుపు అద్దంలో కనిపించే సన్నని జల్లెడ ఎందుకో తెలుసునా? ఆ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, జల్లెడ రంధ్రాలు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. కనుక వెలుగు బయటికి వస్తుంది, తరంగం రాలేదు. తలుపు తీయగానే యంత్రం ఆగునట్లు లోపల తాళాలు కూడ ఉంటవి. అయితే తలుపు వంగినా, సరిగా మూసుకొనకపోయినా, జల్లెడ చినిగినా ఆ ఓవెన్‌ను వాడనే వాడరాదు. మరి భయపడవలసినది దేనికి? వేడి నీటికి, ఆవిరికి, గోడలోని తీగలకు. అన్నిటికంటె ముఖ్యంగా చంటిబిడ్డ పాలసీసా విషయంలో.

బిడ్డ ఏడుస్తుంటాడు, తల్లి పనికి పోయి ఉంటుంది, అమ్మమ్మ సీసాను మైక్రోవేవ్‌లో పెట్టి అర నిమిషం తిప్పుతుంది. సీసా పట్టుకుంటే గోరువెచ్చగానే ఉంటుంది. ఎందుకనగా వేడెక్కేది పాలు, సీసా కాదు. ఆ పాలు కూడ అంతటా ఒకే విధంగా వేడెక్కవు. నడుమ ఒకచోట నోరు కాలే వేడి ఉండగా అంచున చల్లగా ఉండవచ్చును. బిడ్డ చెప్పలేడు. కనుక పాలసీసాను, బిడ్డకు పిండి ఉంచిన తల్లిపాలను ఎప్పుడూ మైక్రోవేవ్‌లో పెట్టకండి. గిన్నెలో వేడినీళ్ళు పోసి, పొయ్యిమీదనుండి దించి, ఆ నీళ్ళలో సీసాను నిలబెట్టండి. తరువాత ఊపి, మణికట్టు లోపలివైపు రెండు చుక్కలు వేసుకొని చూచి పట్టండి. ఇంట్లో పెద్దవారందరికీ ఈ సంగతి ఈ రోజే చెప్పండి, రేపటికి ఉంచవద్దు.

ఆ హెచ్చుతగ్గుల వేడి పెద్దవారి భోజనంలో కూడ ఇబ్బంది పెడుతుంది. క్రిస్మసు నాడు ప్రేమవిందులో మిగిలిన కోడికూర, బిర్యానీ గిన్నెలకెత్తి ఇంటికి తెచ్చుకుంటాము. దానిని మరునాడు మైక్రోవేవ్‌లో గుట్టగా పెట్టి రెండు నిమిషాలు తిప్పితే పైన పొగలు వస్తవి, నడుమ చల్లగానే ఉంటుంది. తరంగాలు ఆహారంలోకి రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే పోగలవు, మిగిలినది మెల్లగా ప్రాకే వేడితోనే వేడెక్కవలెను. కాబట్టి పళ్ళెంలో పలుచగా పరచండి. నడుమ గుంట చేసి అంచులకు జరిపితే మరీ మంచిది. నీళ్ళు కొంచెం చిలకరించి, వదులుగా మూత పెట్టి, సగం సమయం కాగానే తీసి కలిపి మళ్ళీ పెట్టండి. ఆగిన తరువాత రెండు నిమిషాలు అట్లే ఉంచండి. ఆ రెండు నిమిషాలు కూడ వంటలో భాగమే. మాంసం నడుమ ముక్క విరిచి చూస్తే పొగ రావలెను. ఎముక దగ్గర చల్లగా ఉన్న కోడి ముక్క తిని వాంతులు, విరేచనాలు తెచ్చుకొనుట పండుగకు తగదు.

అన్నం విషయంలో మరొక మాట. వండిన అన్నంలో కూడ చావక మిగిలే కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉంటవి. అన్నం గది వేడిలో గంటలకొద్దీ ఉన్నప్పుడు అవి పెరిగి విషాన్ని విడుస్తవి. ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. కనుక మిగిలిన అన్నాన్ని రెండు గంటలలోపే, వెడల్పు గిన్నెలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మరునాడు ఒక్కసారి మాత్రమే వేడి చేయండి. ఫ్రిజ్ లేనివారు మిగలకుండ వండుకొనుటయే మేలు. మైక్రోవేవ్ పాసిన అన్నాన్ని తాజా చేయలేదు.

గుడ్లను పెంకుతో ఎన్నడూ పెట్టరాదు. లోపల ఆవిరి పుట్టి బయటికి పోయే దారిలేక బాంబులాగ పేలుతుంది. పెంకు వలిచిన ఉడికిన గుడ్డును వేడిచేసి కొరికినప్పుడు నోటిలోనే పేలిన సందర్భాలు కూడ ఉన్నవి. కోడి కాలేయం, తోలుతో ఉన్న బంగాళాదుంప, గట్టిగా మూత బిగించిన సీసా, ఇవన్నీ అంతే. దుంపలకు ఫోర్కుతో నాలుగు గాట్లు పెట్టండి, మూతలు వదులు చేయండి. నీళ్ళు కూడ మోసం చేస్తవి సుమా! నున్నని కొత్త గాజుగ్లాసులో నీరు బుడగ లేకుండానే మరిగే వేడిని దాటిపోవచ్చును. తీసి కాఫీపొడి వేయగానే ఒక్కసారిగా పొంగి ముఖంమీద పడుతుంది. గ్లాసులో ఒక చెక్క గరిటెనో పుల్లనో వేసి వేడిచేస్తే ఈ ప్రమాదం తప్పుతుంది. మూత తీసేటప్పుడు ముఖానికి అవతలివైపునుండి ఎత్తండి. ఒకవేళ కాలితే పేస్టు, సిరా, నూనె పూయకుండ, 20 నిమిషాలు కొళాయి నీటి ధార క్రింద ఉంచి, బొబ్బలు పెద్దవైతే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.

ఇక కరెంటు. పల్లెల్లో ఇళ్ళకు తీగలు వేసిననాడు రెండు బల్బులు, ఒక ఫ్యాను కొరకు వేసినారు. 800 వాట్ల వంటశక్తి అని వ్రాసి ఉన్న మైక్రోవేవ్ గోడలోనుండి తీసుకొనేది సుమారు 1200 వాట్లు. పెద్ద ఓటీజీలు 2000 వాట్ల వరకు తీసుకొంటవి. అనగా 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు. ఫ్యాను ప్లగ్గుకు వాడే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. దానికి ఓవెన్ తగిలిస్తే మొదటిరోజు ఏమీ కాదు. మెల్లమెల్లగా ప్లగ్గు వేడెక్కి, నల్లబడి, ఒకనాడు కరుగుతుంది. ఓవెన్‌కు 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు, దానికి తగిన లావు తీగ, పనిచేసే ఎర్తు ఉండవలెను. పొడిగింపు బాక్సులు, ఒకే బోర్డులో ఫ్రిజ్, మిక్సీ, ఓవెన్ కలిపి పెట్టుట వద్దు. ఓవెన్ పైరేకు ముట్టుకుంటే చురుక్కుమంటే, చెప్పులు తొడుక్కొని ముట్టుకుంటే చాలులే అని సరిపెట్టుకొనరాదు. వెంటనే ఆపి, కరెంటు పని తెలిసినవారిని పిలిచి ఎర్తు చూపించండి. ఆ కూలి డబ్బుకు వెనుకాడితే ఒక ప్రాణం పోవచ్చును.

విదేశాలనుండి ఓవెన్ తెచ్చేవారికి కూడ ఒక సంగతి తెలియజేయవలెను. కువైట్‌లో విద్యుత్తు 240 వోల్టులు, 50 సైకిళ్ళు. కనుక అక్కడి యంత్రం ఇక్కడ పనిచేస్తుంది. అయితే దాని ప్లగ్గుకు మూడు పలకపుల్లలు ఉంటవి, మన సాకెట్టులో దూరవు. అప్పుడు ప్లగ్గు కోసివేసి, తీగలు సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లలతో బిగించుట కొందరికి అలవాటు. దయచేసి అట్లు చేయకండి. మంచి 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించండి, ఆకుపచ్చ తీగ ఎర్తుకే పోవలెను. అమెరికానుండి మాత్రం ఓవెన్ తేవద్దని పిల్లలకు ముందే చెప్పండి. అక్కడ 120 వోల్టులు, 60 సైకిళ్ళు. ఇక్కడ నేరుగా పెడితే కాలిపోతుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా సైకిళ్ళ తేడా పోదు గనుక మైక్రోవేవ్ లోపలి భాగాలు వేడెక్కి పాడవుతవి. విమానంలో అంత బరువు మోసి తెచ్చేదానికంటె ఇక్కడే కొనుట నయం.

కేకు పొంగలేదని, నడుమ పచ్చిగా ఉన్నదని వ్రాసిన అక్కలకు: తప్పు మీ చేతిది కాకపోవచ్చును. పొలాల్లో మోటార్లు నడిచే వేళ దీపాలు నీరసించుట చూస్తుంటాము గదా. వోల్టేజి 230 నుండి 180కి పడితే ఓటీజీ కడ్డీల వేడి నాలుగింట ఒక వంతు తగ్గుతుందని అనుకుంటాము. నిజానికి దాదాపు నూటికి 40 వంతులు తగ్గుతుంది. 1500 వాట్ల ఓవెన్ 900 వాట్ల ఓవెన్ అవుతుంది. కనుక దీపం బాగా వెలిగే వేళ చూచుకొని కేకు పెట్టండి. ముందు 10 నిమిషాలు ఖాళీగా 180 డిగ్రీలకు కాచి, గిన్నెను నడిమి అరలో ఉంచండి. మామూలు కేకుకు 35 నుండి 45 నిమిషాలు పడుతుంది. ఎండుద్రాక్ష, జీడిపప్పు నిండుగా వేసిన క్రిస్మసు కేకుకు వేడి 150, 160 డిగ్రీలకు తగ్గించి గంటకు పైగా ఓపిక పట్టవలెను. మొదటి 25 నిమిషాలు తలుపు తీయకండి, పిల్లలు ఎంత తొందరపెట్టినా సరే. సన్నని శుభ్రమైన పుల్ల గుచ్చితే పిండి అంటకుండ రావలెను. ఓవెన్ పక్కన, వెనుక నాలుగు అంగుళాల ఖాళీ ఉండవలెను. ఆ కుట్టుపని గుడ్డ తీసివేయండి. గిన్నె దించుటకు పొడిగుడ్డ వాడండి, తడిగుడ్డ అయితే వేడి క్షణంలో చేతికి అందుతుంది.

కేకును మామూలు మైక్రోవేవ్‌లో చేయవచ్చునా అని అడిగినారు. ఉడుకుతుంది గాని ఎర్రబడదు, ఆవిరి కుడుములాగ తెల్లగా ఉంటుంది. కన్వెక్షన్ రకమైతే ఆ మీట నొక్కి ఓటీజీలాగే చేయవచ్చును, అల్యూమినియం గిన్నె కూడ పెట్టవచ్చును. అయితే మరల మైక్రోవేవ్ మీట నొక్కుటకు ముందు ఆ గిన్నెను, లోపలి లోహపు స్టాండును తీసినారా అని చూచుకొనవలెను.

ఖర్చు సంగతి చాలామంది మగవారు అడుగుతారు గనుక అదికూడ చెప్పుదుము. ఒక పళ్ళెం అన్నం రెండు నిమిషాలు వేడిచేస్తే యూనిట్టులో 25వ వంతు అవుతుంది. ఇందుకు గ్యాసు వెలిగించి గిన్నె మాడ్చి తోముకొనుటకంటె మైక్రోవేవ్ మేలు. ఆరుగురికి అన్నం, పప్పు వండుటకు మాత్రం కుక్కరే మేలు, మైక్రోవేవ్‌లో పరిమాణం పెరిగినకొద్దీ సమయం పెరుగుతుంది. 1500 వాట్ల ఓటీజీలో ఒక కేకుకు ఒకటిన్నర యూనిట్టుకు మించదు. రెండు గిన్నెలు ఒకేసారి పెట్టగలిగితే రెండు కేకులు దాదాపు ఆ ఖర్చుతోనే వస్తవి. పొరుగింటివారితో కలిసి కాల్చుకోండి. చివరి ఐదు నిమిషాలు ఆపివేసినా లోపలి వేడి సరిపోతుంది. వాడనప్పుడు గోడ దగ్గర స్విచ్చి ఆపండి. మైక్రోవేవ్ ముందు వెలిగే ఆ చిన్న గడియారం 3 వాట్లు తీసుకుంటే సంవత్సరానికి 26 యూనిట్లు. దానితో 650 పళ్ళేల అన్నం వేడిచేసుకొనవచ్చును!

ఎప్పుడైనా లోపల మంట కనబడితే తలుపు తీయవద్దు. గాలి తగిలితే మంట పెరుగుతుంది. గోడ స్విచ్చి ఆపి, తలుపు మూసే ఉంచితే గాలిలేక అదే ఆరుతుంది. బట్టలు ఆరబెట్టుట, వార్తాపత్రికలో చుట్టిన పదార్థాలు పెట్టుట, ఎండుమిరపకాయలు వేయించుట వంటివి ఈ మంటలకు కారణాలు. అప్పడాలు మాత్రం నూనె లేకుండ ఒక నిమిషంలోపే చక్కగా కాలుతవి, దగ్గర నిలబడి చూచుకోండి.

మైక్రోవేవ్ పాడైతే ఇంట్లో స్క్రూలు విప్పుట వద్దేవద్దు. కాలేజీలో చదివే అబ్బాయికి ఎంత తెలివి ఉన్నా సరే. లోపల రెండువేల వోల్టులకు పైగా విద్యుత్తు ఉంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడ కొంతసేపు ఒక భాగంలో నిలువ ఉండి మనిషిని చంపగలదు. ఆ పని తెలిసిన మెకానిక్కే విప్పవలెను. మనం చేయగల పని శుభ్రత. గాజుగిన్నెలో నీళ్ళు పోసి, సగం నిమ్మకాయ, ఒక చెక్క గరిటె వేసి మూడు నిమిషాలు నడిపి, ఐదు నిమిషాలు తలుపు తీయకుండ ఉంచండి. ఎండిన కూర మరకలు ఆవిరికి నాని, మెత్తని గుడ్డతో తుడిస్తే వచ్చివేస్తవి. తలుపు అంచులు తుడుచుట మరువకండి.